పెళ్లికూతురు తీగ

పోయిన వారం కథ ఆగినచోట మోంతరోవెరె కొండ మీద పొగమంచు ఇంకా విడలేదు. సెకొందో ఇంటి గేటు ముందు రెమిజియో నిలబడి ఉన్నాడు, చంకలో కార్దో అనే కూర కాడల కట్ట పెట్టుకుని. వేసవి పోయిన దగ్గర్నుంచీ ఆ గేటు దాటని మనిషి. వంటింటి కిటికీలోంచి అతన్ని చూడగానే మిలెనా చేతిలోని వెల్లుల్లి జారి నేల మీద పడింది.

ఆమె అలా బెదిరిపోవడానికి కారణం ఉంది. సెకొందో ఆమె మావగారు. ఆయన తోటలో పై గట్టున కొన్ని సాళ్లున్నాయి. తోటంతా నెబ్బియోలో ద్రాక్షే. పై సాళ్లదీ నెబ్బియోలోనే, కాకపోతే కాస్త లేత రంగు జాతి అని ఊరంతా తరాలుగా నమ్మింది. దాన్ని అక్కడి మాటలో 'స్పూజా' అంటారు. అంటే పెళ్లికూతురు. ఆ గుత్తులు కలిస్తేనే సెకొందో వైన్‌కి ఎండు గులాబీల వాసన పడుతుంది. అయితే మోంతరోవెరె అన్న పేరు సీసా మీద వేసుకోవాలంటే లోపల నెబ్బియోలో తప్ప మరో ద్రాక్ష చుక్క కూడా ఉండకూడదు. ఆగస్టులో తనిఖీవాళ్లు వచ్చారు. ఇంట్లో ఎవరినీ ఏమీ అడక్కుండా తిన్నగా పై సాళ్లకే నడిచారు. స్పూజా నెబ్బియోలో కాదనీ, పూర్తిగా వేరే ద్రాక్ష అనీ తేల్చి చెప్పి వెళ్లిపోయారు. ఆ ఇంటి నేలమాళిగలో పీపాల్లో మాగుతున్న మూడు కోతల వైన్‌కీ కొండ పేరు పోయింది. పేరూ ఊరూ లేని ఎర్ర వైన్‌గా వచ్చినకాడికి అమ్ముకోవడమే మిగిలింది.

వాళ్లకి ఎవరు చెప్పారు? పై సాళ్లు కనబడేది రెమిజియో వాకిట్లోంచి మాత్రమే. పైగా వసంతంలో గట్టు మీది హేజెల్ చెట్ల నీడ గురించి ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. సెకొందోకి ఇంకేం కావాలి? చర్చి ఎదుట కాఫీ కొట్లో, పదిమంది ముందు, రెమిజియోని 'చాడీకోరు' అన్నాడు. వరసకి బావ. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే గాడిద మీద బడికి వెళ్లినవాళ్లు. రెమిజియో కాఫీ సగంలో వదిలేసి లేచి వెళ్లిపోయాడు.

ఆ మాట అన్నప్పుడు మిలెనా మావగారి పక్కనే ఉంది. తీగ సంగతి బయటికి పోయింది తన వల్లేనని ఆమెకి అప్పటికే తెలుసు.

"ఎవరే?" పొయ్యి దగ్గర్నుంచి అడిగింది అత్తగారు ఫిలొమెనా.

"రెమిజియో బాబాయ్, అత్తయ్యా."

ఫిలొమెనా గరిటె తిప్పడం ఆపలేదు. "అయితే ఇంకో పాయ ఒలు. అన్నయ్య వెల్లుల్లి బాగా తింటాడు."

బల్ల దగ్గర కూర్చుని కాల్చిన మిరపకాయల తొక్క తీస్తున్న సెకొందో తలెత్తాడు. "పాయా లేదు, ఏమీ లేదు. గేటు తియ్యకండి."

"తీసే ఉంది," అంది ఫిలొమెనా. "నలభై ఏళ్ల నుంచి ఆ గడియ పడదు. బాగు చెయ్యమని నేనెన్నిసార్లు మొత్తుకున్నాను?"

అప్పటికే బయట కుక్క మొరుగుతోంది. దాని వెనకాలే రెమిజియో గొంతు. "ఒరే సెకొందో! నీ కుక్కని పట్టుకుంటావా, లేకపోతే నేనే దాన్ని కరవనా?"

కొత్త వైన్ పీపాల్లోకి దిగాక వచ్చే ఆదివారం ఆ ఇంట్లో బాన్యా కౌదా వండుతారు. పాలల్లో ఉడికిన వెల్లుల్లి, ఉప్పుచేపలు, నూనె కలిసి మట్టిమూకుట్లో కరిగిపోయేదాకా సన్నని సెగ మీద తిప్పుతారు. మూకుడు తెచ్చి బల్ల మధ్యలో చిన్న నిప్పు మీద పెడితే అందరూ చుట్టూ చేరి, కూరముక్కలూ రొట్టే అందులోనే ముంచుకుని తింటారు. ఒక మూకుట్లో ముంచుకున్నవాళ్లు మళ్లీ ఏడాది వరకూ మాట తేడా రానివ్వకూడదని సెకొందో తల్లి పెట్టిన కట్టడి. రెమిజియో ఏటా ఆ రోజుకి కార్దో కాడలు తెచ్చేవాడు. మొక్కను నేలకి వంచి మట్టి కప్పి తెల్లబరిచిన కాడలు. అంత లేతవి ఆ చుట్టుపక్కల ఇంకెవరి పెరట్లోనూ రావు.

మిలెనా ఒలిచిన వెల్లుల్లి వైపు చూస్తూ నిలబడిపోయింది.

ఆమె తూరిన్‌లో ట్రామ్ నడిపే మనిషి కూతురు. సెకొందో కొడుకు ఎజియోని చేసుకుని ఈ కొండ ఎక్కినప్పుడు ద్రాక్ష అంటే పండ్ల దుకాణంలో దొరికేదని మాత్రమే తెలుసు. ఏమీ తెలియని కోడలిగా ఉండిపోవడం ఇష్టంలేక ఆల్బా పట్నంలో వైన్ చదువులో చేరింది. ఏ సీమలో ఏ ద్రాక్ష, ఏ పేరుకి ఏ నిబంధన, ఎన్నాళ్లు పీపాలో ఉండాలి, ఇవన్నీ బట్టీ పట్టేది. చలికాలం సాయంత్రాలు సెకొందో ఆమెకి పరీక్ష పెట్టేవాడు.

"చెప్పు పంతులమ్మా, మోంతెఫాల్కో?"

"సగ్రాంతీనో."

"తౌరాజీ?"

"అల్యానికో."

"ఎట్నా కొండ మీద?"

"నెరెల్లో."

"మా కొండ మీద?"

"నెబ్బియోలో. అదొక్కటే. ఇంకేదీ కలపకూడదు."

"అదీ!" అని బల్ల మీద చరిచేవాడు. చదువుకోని తన ఇంట్లోకి చదువు నడిచొచ్చిందని కాఫీ కొట్లో చెప్పుకునేవాడు.

జూన్‌లో బెర్తోలీనో మేడం క్లాసులో అందరినీ తమకి బాగా ఇష్టమైన తీగ ఆకు ఒకటి తెమ్మంది. మిలెనా రెండో ఆలోచన లేకుండా పై సాళ్లకి వెళ్లింది. ఆకు బల్ల మీద పెట్టి, "ఇది మా తోటది. మా స్పూజా," అంది. 'మా' అన్న మాట నోట్లో ఎంత తియ్యగా ఉందో ఆమెకి ఇప్పటికీ గుర్తే. మేడం ఆకుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, తొడిమ దగ్గరి చీలిక చూసి, మళ్లీ చూసి, "దీన్ని నేను పరీక్షకి పంపొచ్చా?" అని అడిగింది. పంపొచ్చంది మిలెనా. గర్వంగా అంది. ఒకే నెబ్బియోలో ద్రాక్ష ఒకచోట స్పన్నా అనీ, ఇంకోచోట క్యావెన్నస్కా అనీ రకరకాల పేర్లతో బతుకుతుందని ఆమె చదివింది. ఒకే పేరు కింద రెండు ద్రాక్షలు కాపురం ఉండొచ్చని ఏ పాఠంలోనూ లేదు. పరీక్షలో తేలింది పత్రికలో అచ్చయింది. కొండ పేరుతో సహా, గట్టు పేరుతో సహా. తనిఖీవాళ్లు దారి అడగనక్కర్లేకపోయింది.

రెమిజియో లోపలికొచ్చాడు. టోపీ తియ్యలేదు. కాడల కట్ట బల్ల మీద, సరిగ్గా సెకొందో ముందు పెట్టాడు. వాటి మొదళ్ల నుంచి మట్టి రాలి తెల్లగుడ్డ మీద పడింది.

"ఏటా తెస్తాను. ఈ ఏడూ తెచ్చాను. కాడలకి నీ మీద కోపం లేదు."

"తీసుకుపోయి నువ్వే నమిలి మింగు," అన్నాడు సెకొందో. "నోట్లో విషం ఏమైనా తగ్గుతుందేమో."

"నాది నోట్లో ఉంటే ఉమ్మేస్తాను బావా. నీది బుర్రకెక్కింది. దానికి మందు లేదు."

"కూర్చో అన్నయ్యా," అంది ఫిలొమెనా.

"కూర్చోను చెల్లెమ్మా. తినడానికి రాలేదు. ఒక్క మాట చెప్పి పోతాను." రెమిజియో కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. అతని చేతులు పెద్దవి, గోళ్లలో మట్టి. కుర్చీ కిర్రుమంది. "కొట్లో నన్ను చాడీకోరన్నావు. నా అంతట నేనొచ్చి సంజాయిషీ చెప్పుకోవడమేంటని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. నిన్న మా మనవరాలు బడి నుంచి వచ్చి అడిగింది, తాతా, చాడీకోరంటే ఏంటి అని. అందుకొచ్చాను."

ఆ పిల్ల పేరు అలీచె. ఆదివారాలు ఈ ఇంటికొచ్చి కుక్కతో ఆడుకునేది. కొన్నాళ్లుగా రావడం లేదు.

"మా తోటలో ఏముందనుకుంటున్నావు?" అడిగాడు రెమిజియో.

"నెబ్బియోలో. ఇంకేముంటుంది?"

"స్పూజా ఉంది రా. గట్టు నుంచి వాగు దాకా సగానికి సగం అదే."

సెకొందో నవ్వాడు. నవ్వులో సరదా లేదు. "స్పూజా మా నాన్న పెంచింది. ఈ కొండ మీద మా గట్టున తప్ప ఇంకెక్కడా లేదు. మా నాన్న స్వయంగా చెప్పాడు."

"మీ నాన్న చాలా చెప్పేవాడు. అది పెట్టింది ఆయన కాదు. మీ అమ్మ తెచ్చుకుంది. మా మేనత్త. మా తాత తోటలోంచి కడ్డీలు కోసి, తడి గోనెలో చుట్టి, పెళ్లి పెట్టెలో దుప్పట్ల కింద దాచుకుని తెచ్చింది. అత్తారింటి వైన్ నీళ్లలా ఉందని పెళ్లిచూపుల నాడే కనిపెట్టిందట మహాతల్లి."

"నోర్ముయ్."

"కోడలు తెచ్చిన తీగ వల్ల తన వైన్‌కి వాసనొచ్చిందంటే మీ తాతకి తలవంపులు. అందుకని మాదే మాదే అని చాటుకున్నాడు. మీ నాన్న దాన్నే నీకు పాడాడు. పేరు మాత్రం దాచలేకపోయారు. స్పూజా అని ఎందుకంటారో ఎప్పుడైనా ఆలోచించావా?"

"గుత్తి రంగు చూసి. లేత గులాబీగా, పెళ్లికూతురి గౌనులా..."

"ఏ పెళ్లికూతురు రా? అప్పట్లో మన కొండ మీద గులాబీ గౌను ఎవరికుంది? మీ అమ్మ పెళ్లికి నల్ల గుడ్డ కట్టుకుంది. మళ్లీ చావులకీ పండగలకీ అదే కట్టుకుంది. పెళ్లికూతురి తీగలు అనేవాళ్లు మావాళ్లు. పెళ్లికూతురితో పోయిన తీగలు. ఆ పేరు దాంతోపాటే మీ ఇంటికొచ్చింది."

సెకొందో భార్య వైపు తిరిగాడు. ఆమె గరిటె అంచుతో మూకుడు గోడలు గీకుతోంది.

"నీకు తెలుసా?"

"అత్తగారు చెప్పింది," అంది ఫిలొమెనా. "మంచాన పడ్డప్పుడు. నేను దక్షిణాన కలాబ్రియా నుంచి మధ్యవర్తి మాట నమ్మి, నీ మొహం కూడా చూడకుండా వచ్చి పడ్డాను కదా. నా మీద జాలి పడి చెప్పింది. నేను కూడా ఈ ఇంటికి బయటి నుంచి వచ్చినదాన్నేనే అంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు మీ నాన్న గురించి చెబుతున్నప్పుడు మధ్యలో మాట్లాడే సందు ఎప్పుడిచ్చావు?"

రెమిజియో నవ్వబోయి ఆపుకున్నాడు. గొంతు తగ్గించాడు. "ఇప్పుడు నువ్వే చెప్పు బావా. నీ పై సాళ్లు పోతే నీ వైన్‌కి వాసన పోతుంది. మూడు కోతలు పోయాయి. తర్వాత కింది తోటతో లేచి నిలబడతావు. నాదీ స్పూజానే అని బయటపడితే నాకు సగం తోట పోతుంది. పీపాలో చుక్క మిగలదు. కొడుకు పోయాక ఆ తోట ఆధారంతోనే కోడల్నీ మనవరాల్నీ సాకుతున్నాను. నిన్ను పట్టివ్వడానికి నా గొంతు నేనే కోసుకుంటానా?"

ఫిలొమెనా మూకుడు కింద సెగ తగ్గించింది.

రెమిజియో చెప్పినదానిలో ఒక ముక్క మిలెనాని వదలడం లేదు. గట్టు నుంచి వాగు దాకా.

కోతలు అయ్యాక బెర్తోలీనో మేడం ఆమెని పిలిచింది. స్పూజాతో పోల్చి చూడటానికి అదే కొండ మీది సిసలైన నెబ్బియోలో తీగ ముక్క ఒకటి కావాలంది. రెండూ దగ్గరి చుట్టాలని తేలితే మీ మావగారి తరఫున ఒక మాట రాయొచ్చేమో, చూద్దాం అంది. మిలెనా ఆ 'చూద్దాం' పట్టుకుని వేలాడింది. చేసిన తప్పు దిద్దుకునే దారి దొరికిందనుకుంది. కొండ మీద ఎవరూ వేలెత్తి చూపలేని నెబ్బియోలో ఎవరిది? రెమిజియో బాబాయ్‌ది. ఆయన వైన్ తాగినవాళ్లంతా ఆ మాటే అంటారు. గట్టు దిగి సరిహద్దు సాలులో ఒక కడ్డీ కత్తిరించింది. ఆకులు రాలిపోయిన కాలం. ఉత్త కడ్డీ చూసి తీగని పోల్చడం ఆమె ఇంకా నేర్చుకోలేదు. తడి కాగితంలో చుట్టి, నేర్పిన పద్ధతి ప్రకారం దాని మీద కొండ పేరు, సాలు, రైతు పేరు గుండ్రంగా రాసి పోస్టులో వేసింది.

"మరైతే ఎవరు?" అన్నాడు సెకొందో. ఆయన గొంతు ఇప్పుడు వేరుగా ఉంది. కోపాన్ని దించుకోవడానికి చోటు వెతుకుతున్న మనిషిలా ఉన్నాడు. "నువ్వు కాకపోతే ఎవరు రా?"

మిలెనా నడుముకి కట్టుకున్న గుడ్డకి చేతులు తుడుచుకుంది. తుడిచాక కూడా వెల్లుల్లి వాసన పోలేదు.

"నేను, మావయ్యా."

ముగ్గురూ ఆమె వైపు చూశారు.

"క్లాసులో ఇష్టమైన తీగ ఆకు తెమ్మన్నారు. పై సాళ్లది తీసుకెళ్లాను. మేడం పరీక్ష చేయిస్తానంటే సరేనన్నాను. పత్రికలో వచ్చింది. దాన్ని చూసే వాళ్లొచ్చారు."

సెకొందో చేతిలో ఎర్ర మిరపకాయ ఉంది. దాన్ని మెల్లగా పళ్లెంలో పెట్టాడు.

"ఇష్టమైందనా?"

"అవును మావయ్యా."

"నీకు తెలీక?"

"తెలీక."

ఆయన తల ఊపాడు. మిలెనా తిట్లకి సిద్ధపడింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది. ఆయన అడిగింది వేరే.

"నేను కొట్లో వీణ్ణి ఆ మాట అన్నప్పుడు నువ్వెక్కడున్నావు?"

"మీ పక్కనే."

"విన్నావా?"

"విన్నాను."

"అప్పటికి నీకు తెలుసు."

"తెలుసు."

"వీడు లేచి పోతుంటే చూశావు."

"చూశాను మావయ్యా."

"తీగ సంగతి వదిలేయ్," అన్నాడు సెకొందో. "తీగ తెలీక చేశావు. మా అమ్మ తీగని మా నాన్నదని డెబ్భై ఏళ్లు నమ్మినవాణ్ణి, నీకేం చెప్తాను? కానీ వీణ్ణి... నా నోటితో వీణ్ణి ఆ మాట అనిపించావు. ఆగస్టు నుంచి రోజూ నా పక్కన కూర్చుని అన్నం తింటూ ఊరుకున్నావు."

ఊరుకోవడం ఎలా మొదలైందో మిలెనాకి తెలుసు. మొదటి రోజు భయం. రెండో రోజు, నిన్ననే ఎందుకు చెప్పలేదంటారేమోనని భయం. ఆ తర్వాత ప్రతి రోజూ దాని మీద ఇంకో రోజు చేరింది. ఎజియోకి కూడా చెప్పలేదు. ఇవాళ అతను ఆల్బా సంతకి సీసాలు తీసుకెళ్తూ, "ఏంటి, ఒంట్లో బాలేదా?" అని అడిగితే, నిద్ర చాల్లేదంది.

"చాల్చాల్లే," అన్నాడు రెమిజియో. "పిల్లని ఏడిపించకు. నోరు నీది. మీ కోడలు పట్టుకుని తిప్పిందా దాన్ని?"

"నువ్వు మధ్యలో రాకు."

"మధ్యలో ఉంది నేనే కదరా!"

ఫిలొమెనా మూకుడు తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. కింద నిప్పు సర్దింది. "ఇది చల్లారితే మళ్లీ కాచే ఓపిక నాకు లేదు. తిట్టుకునేది ఉంటే నములుతూ తిట్టుకోండి."

సెకొందో ఎదుటి కుర్చీని కాలితో వెనక్కి తోశాడు. "కూర్చో."

"కొట్లో అన్న మాటని వంటింట్లో వెనక్కి తీసుకుంటే చెల్లదు," అన్నాడు రెమిజియో.

"రేపు కొట్లోనే చెప్తాను."

"అందరూ ఉన్నప్పుడు."

"అందరూ ఉన్నప్పుడే."

"మా అలీచెని కూడా తీసుకొస్తాను. దాని ముందు చెప్పాలి."

"చెప్తానన్నాను కదా! గంట కొట్టించమంటావా చర్చిలో?"

"కాఫీ నువ్వే ఇప్పించాలి."

"ఇప్పించి చస్తాను. కూర్చో ముందు."

రెమిజియో టోపీ తీశాడు. నుదుటి మీద దాని అచ్చు ఎర్రగా పడి ఉంది. కూర్చుంటూ అతను విడిచిన నిట్టూర్పు మిలెనాకి చెంపదెబ్బలా తగిలింది. నెలల తరబడి ఆ మనిషి మోసిన బరువు అది. దించుకున్నాననుకుంటున్నాడు.

ఫిలొమెనా కాడలు కడిగి, ఈనెలు లాగి, ముక్కలు చేసి తెచ్చింది. సెకొందో సీసా బిరడా లాగాడు. స్పూజా కలిసిన వైన్. గ్లాసుల్లో లేత ఎరుపు తిరిగింది. ఇద్దరు ముసలివాళ్లూ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఒకేలా కళ్లు మూసుకున్నారు.

"మా మేనత్త," అన్నాడు రెమిజియో.

"మా అమ్మ," అన్నాడు సెకొందో. ఆ మాట కొత్తగా నేర్చుకున్నట్టు అన్నాడు.

కొంత తిన్నాక రెమిజియో ముందుకి వంగాడు. కిటికీ అవతల ఎవరో వింటున్నట్టు గొంతు తగ్గించాడు. "నా సంగతి ఆలోచించి పెట్టుకున్నాను బావా. నా తోటలో ఏముందో ఈ బల్ల చుట్టూ ఉన్న నలుగురికి తప్ప ఎవరికీ తెలీదు. ఏడాదికి కొన్ని సాళ్లు చొప్పున మొదలు కోసి నెబ్బియోలో కొమ్మలు అంటు కట్టేస్తాను. ఎవరూ అడగరు. అలీచె పెద్దయ్యేసరికి తోటంతా నిబంధన ప్రకారం నిలబడుతుంది."

"అంతవరకూ పీపాల్లో ఉన్నది?"

"దాని నోరు అది విప్పదు. మనమూ విప్పొద్దు."

"దేవుడు చూస్తాడు," అంది ఫిలొమెనా.

"చూడటమెందుకు? ఒక గ్లాసు పోస్తాను, తాగి చెప్పమను తప్పుందేమో."

సెకొందో నవ్వాడు. ఆగస్టు తర్వాత ఆ ఇంట్లో మనసారా వచ్చిన మొదటి నవ్వు అది. రెమిజియో కాడముక్క ఒకటి తీసుకుని మూకుట్లో నిండా ముంచి, కింద రొట్టెముక్క పట్టి, నూనె కారిపోకుండా బల్ల మీదుగా మిలెనాకి అందించాడు.

"తీసుకో తల్లీ. నువ్వింకా ముట్టలేదు. అయిందేదో అయింది. నేను మర్చిపోయాను, నువ్వూ మర్చిపో."

మిలెనా చెయ్యి చాచి అందుకుంది. వేడికి రొట్టె మెత్తబడుతోంది. నోరు తెరిచి తినేస్తే సరిపోతుంది. ఆమె ఊరుకుంటే ఈ మధ్యాహ్నం ఇలాగే గడిచిపోతుంది. గుడ్డు కొట్టి మూకుడు అడుగున వేస్తారు, హేజెల్ కాయలు తెస్తారు, ఇద్దరూ పేకాటకి కూర్చుంటారు. రేపు కొట్లో కాఫీ, అలీచె ముందు క్షమాపణ. ఊరుకోవడం ఎలాగో ఆమెకి ఇప్పుడు బాగా వచ్చు.

పొద్దున్న మేడం ఫోన్ చేసింది. ఆమె గొంతు ఉత్సాహంతో పొంగిపోతోంది. ఫలితం ఫోన్‌లో చెప్పనంది. తోటని తానే స్వయంగా చూడాలంది.

మిలెనా రొట్టెని పళ్లెంలో పెట్టింది.

"నలుగురికే కాదు బాబాయ్."

"ఏంటమ్మా?"

"మీ సరిహద్దు సాలులో కడ్డీ కోసి పంపాను. కోతలయ్యాక. మీది సిసలైన నెబ్బియోలో అనుకుని పోల్చడానికి పంపాను. మావయ్యకి మేలు జరుగుతుందనుకున్నాను." మాటలు ఒకదాన్నొకటి తోసుకుని వచ్చాయి. "మీ పేరు రాసి పంపాను. పరీక్ష అయిపోయింది. మేడం రేపు పొద్దున్నే మీ తోటకే వస్తున్నారు. ఒక్కరే కాదు, ఇంకెవరినో వెంటబెట్టుకుని వస్తున్నారు."

సెకొందో చేతిలో గ్లాసు గాల్లోనే ఉండిపోయింది. ఫిలొమెనా శిలువ గుర్తు వేసుకుంది.

రెమిజియో ఆమె వైపు చూడలేదు. చేతి వేళ్లకి అంటిన నూనెని గుడ్డతో ఒక్కో వేలే తుడుచుకున్నాడు. కిటికీ అవతల, పొగమంచు పలచబడిన చోట, అతని తోట నల్లటి మోళ్లతో వాగు దాకా దిగుతూ కనబడుతోంది. కాసేపు దాన్నే చూసి లేచాడు. టోపీ పెట్టుకున్నాడు.

"చీకటి పడ్డానికి ఇంకా టైముంది," అన్నాడు. "బావా, మొదళ్లు కోయడానికి నీ రంపానికి పదునుందా?"